మారుతున్న ఉన్నత విద్య - విశ్వవిద్యాలయాలకు సలహా సహకారం

(ప్రత్యేక వ్యాసం)

విశ్వవిద్యాలయం ప్రదానం చేసే పట్టాకు గల విలువ ఒకప్పుడు ఆ రాష్ట్రంలో, మహా అయితే దేశంలో నిర్ణయమయ్యేది. నేడు ఆ పట్టాను విదేశాలలోని విశ్వవిద్యాలయాలు, వృత్తి మండళ్లు, ఉద్యోగ సంస్థలు కూడా పరిశీలిస్తున్నాయి. అమెరికాలో చదువుతున్న విదేశీ విద్యార్థుల వివరాలను ఏటా ప్రకటించే ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2023-24 విద్యా సంవత్సరంలో అక్కడి భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. ఆ ఏడాది చైనాను దాటి భారతదేశం మొదటి స్థానంలో నిలిచింది. ఇలా వెళ్లేవారిలో తెలుగు రాష్ట్రాల విద్యార్థులు గణనీయంగా ఉన్నారు. వారు తమ వెంట తీసుకువెళ్లేది ఇక్కడి విశ్వవిద్యాలయాల మార్కుల పత్రాలు, పాఠ్యప్రణాళికలు, పట్టాలే.

ఈ పరిస్థితిలో కోర్సుల నిర్మాణాన్ని, పరీక్షల విధానాన్ని, నాణ్యత పర్యవేక్షణను, విదేశీ సంస్థలతో సంబంధాలను పునఃపరిశీలించుకోవలసిన అవసరం విశ్వవిద్యాలయాలకు ఏర్పడింది. అందుకు తగిన అనుభవం అన్ని విశ్వవిద్యాలయాలలోనూ సమానంగా ఉండదు. అందువల్ల బయటి నిపుణుల సలహా తీసుకోవడం సాధారణమైంది. ఈ సలహా ఏయే రూపాలలో లభిస్తున్నది, ప్రభుత్వ పథకాలలో దానికి గల స్థానమేమిటి, అది ఎక్కడ ఉపకరిస్తుంది, ఎక్కడ ఉపకరించదు అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

మార్పులకు నేపథ్యం

1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడినప్పుడు సేవల వాణిజ్యంపై సాధారణ ఒప్పందం కూడా అమలులోకి వచ్చింది. ఆ ఒప్పందంలోని 12 సేవా రంగాలలో విద్య ఒకటి. సేవలు దేశాల సరిహద్దులు దాటే మార్గాలను అది నాలుగు విధాలుగా వర్గీకరించింది. విద్యకు అన్వయించి చూస్తే, దూరవిద్య ద్వారా బోధన మొదటిది. విద్యార్థి పరాయి దేశానికి వెళ్లి చదవడం రెండవది. విద్యాసంస్థ వేరొక దేశంలో ప్రాంగణం తెరవడం మూడవది. అధ్యాపకుడు వేరొక దేశానికి వెళ్లి బోధించడం నాలుగవది. ఈ నాలుగు మార్గాలూ ఇప్పుడు ఆచరణలో ఉన్నాయి.

ఐరోపాలో 1999 జూన్ 19న 29 దేశాల విద్యామంత్రులు బొలోనా ప్రకటనపై సంతకాలు చేశారు. డిగ్రీలను పరస్పరం పోల్చదగిన రీతిలో తీర్చిదిద్దడం, క్రెడిట్లను ఒక దేశం నుంచి మరొక దేశానికి బదిలీ చేసుకునే వీలు కల్పించడం దాని ప్రధాన లక్ష్యాలు. ఇంజనీరింగ్ విద్యకు సంబంధించి 1989లో కుదిరిన వాషింగ్టన్ ఒప్పందంలో భారతదేశం 2007లో తాత్కాలిక సభ్యత్వం పొంది, 2014 జూన్ 13న పూర్తి సభ్య దేశమైంది. విశ్వవిద్యాలయాల అంతర్జాతీయ ర్యాంకులు 2003లో షాంఘై జాబితాతో మొదలయ్యాయి. ఆ మరుసటి ఏడాది బ్రిటన్ నుంచి మరొక జాబితా వెలువడింది. మన దేశంలో జాతీయ ర్యాంకుల మొదటి జాబితా 2016లో వచ్చింది.

జాతీయ విద్యావిధానం 2020 అనంతరం ఈ మార్పులు వేగాన్ని అందుకున్నాయి. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను భద్రపరిచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021 జూలైలో ప్రారంభమైంది. విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి ట్విన్నింగ్, ఉమ్మడి, ద్వంద్వ డిగ్రీలు నిర్వహించేందుకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2022 మే నెలలో నిబంధనలు జారీ చేసింది. విదేశీ విశ్వవిద్యాలయాలు ఇక్కడ ప్రాంగణాలు తెరిచేందుకు 2023 నవంబరులో మరొక నిబంధనావళిని వెలువరించింది. దాని కింద సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం గురుగ్రామ్‌లో నెలకొల్పిన ప్రాంగణం 2025లో తరగతులు ప్రారంభించింది. దీనితో అంతర్జాతీయ పోటీ విదేశాలకు వెళ్లే విద్యార్థులకే పరిమితం కాక, దేశంలోని ప్రవేశాల వరకు వచ్చినట్లయింది.

సలహా కొత్త విషయం కాదు

విశ్వవిద్యాలయాలు బయటివారి సలహా స్వీకరించడం మన దేశంలో శతాబ్దానికి పైబడిన ఆచారం. కలకత్తా విశ్వవిద్యాలయ పరిస్థితిని పరిశీలించేందుకు 1917లో నియమితమైన సంఘానికి ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్ మైఖేల్ శాడ్లర్ అధ్యక్షత వహించారు. ఇంటర్మీడియట్ పూర్తయిన తరువాతనే విశ్వవిద్యాలయ విద్య మొదలు కావాలని, డిగ్రీ కోర్సు మూడేళ్లు ఉండాలని ఆ సంఘం 1919లో సూచించింది. స్వాతంత్ర్యానంతరం 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి అధ్యక్షత వహించిన డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అంతకుముందు 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేసినవారు. విశ్వవిద్యాలయాన్ని లోపలి నుంచి నడిపిన అనుభవం ఆ విధంగా దేశస్థాయి సలహాకు తోడ్పడింది.

సలహా నివేదికలకు పరిమితం కాకుండా ఆచరణలోకి వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. 1962 నుంచి 1972 వరకు తొమ్మిది అమెరికన్ విద్యాసంస్థలు కాన్పూరు ఐఐటీతో కలిసి పనిచేశాయి. అక్కడి ఆచార్యులు ఇక్కడికి వచ్చి బోధించారు, ప్రయోగశాలలు నెలకొల్పడంలో పాలుపంచుకున్నారు. 1963లో ఆ సంస్థకు కంప్యూటరు వచ్చింది. దేశంలో కంప్యూటరు బోధన తొలినాళ్లలో ఆ సంస్థ ముందు నిలవడానికి ఈ సహకారం కారణమైంది.

తెలుగు ప్రాంతంలో ఇందుకు చక్కని ఉదాహరణ వ్యవసాయ విశ్వవిద్యాలయం. 1964 జూన్ 12న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం సహకారం అందించింది. బాపట్ల, రాజేంద్రనగర్, తిరుపతి వ్యవసాయ కళాశాలలు కొత్త విశ్వవిద్యాలయ పరిధిలోకి వచ్చాయి. బోధన, పరిశోధన, విస్తరణ అనే మూడు పనులూ ఒకే సంస్థ చేయాలన్న విధానాన్ని ఇక్కడి నేలకు, పంటలకు అనుగుణంగా మలచుకోవడం జరిగింది. సహకార కాలం ముగిసి సలహాదారులు వెళ్లిపోయిన తరువాత కూడా ఆ విధానం నిలిచింది. 1996లో ఆచార్య ఎన్.జి.రంగా పేరు పెట్టుకున్న ఆ విశ్వవిద్యాలయం, రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణలో ఆచార్య జయశంకర్ పేరిట ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయం నేటికీ అదే పద్ధతిలో నడుస్తున్నాయి.

ఈ రెండు ఉదాహరణలలో కొన్ని సమాన లక్షణాలు కనిపిస్తాయి. సలహా ఇచ్చినవారు స్వయంగా విశ్వవిద్యాలయాలు నడిపినవారు. సహకారం నెలలలో కాక సంవత్సరాలలో సాగింది. స్థానిక అధ్యాపకులు ఆ పనిని నేర్చుకుని తాము కొనసాగించారు. నేటి సలహా సేవలను బేరీజు వేయడానికి కూడా ఇవే ప్రమాణాలు ఉపకరిస్తాయి.

సలహా అవసరమయ్యే రంగాలు

ప్రస్తుతం విశ్వవిద్యాలయాలు ప్రధానంగా నాలుగు రంగాలలో సలహా కోరుతున్నాయి.

మొదటిది నాణ్యతా గుర్తింపు. 1994లో బెంగళూరు కేంద్రంగా ఏర్పడిన జాతీయ మూల్యాంకన, గుర్తింపు మండలి, అంటే న్యాక్, ఏడు ప్రమాణాల ఆధారంగా సంస్థలను పరిశీలిస్తుంది. 2017లో తెచ్చిన విధానంలో సంస్థ స్వయంగా అధ్యయన నివేదికను సమర్పిస్తే, అందులోని అంకెలను విడిగా సరిచూసి, ఆపై పరిశీలక బృందం సందర్శించే ఏర్పాటు చేశారు. ఈ గుర్తింపు గౌరవానికి మాత్రమే సంబంధించినది కాదు. 2022 నాటి నిబంధనల ప్రకారం విదేశీ విశ్వవిద్యాలయంతో ఉమ్మడి డిగ్రీకి ఒప్పందం చేసుకోవాలంటే భారతీయ సంస్థకు న్యాక్‌లో కనీసం 3.01 స్కోరు గాని, జాతీయ ర్యాంకుల విశ్వవిద్యాలయ విభాగంలో తొలి 100 స్థానాలలో చోటు గాని, విశిష్ట సంస్థ హోదా గాని ఉండాలి. నాణ్యతా గుర్తింపు లేకుంటే అంతర్జాతీయ భాగస్వామ్యం తలుపులు చాలావరకు మూసుకుపోతాయి.

రెండవది పాఠ్యప్రణాళిక, క్రెడిట్ల లెక్క. 2023లో ఖరారైన జాతీయ క్రెడిట్ చట్రం ప్రకారం ఏడాదికి 1,200 గంటల అభ్యసనానికి 40 క్రెడిట్లు. ఐరోపా విధానంలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కొక్క క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటలు. అంటే ఇక్కడి నాలుగేళ్ల డిగ్రీకి 160 క్రెడిట్లు వస్తే, అక్కడి నాలుగేళ్ల చదువుకు 240 క్రెడిట్లు వస్తాయి. మార్పిడి పట్టిక లేకుండా అంకెలను పక్కపక్కన పెడితే మన విద్యార్థి మూడింట రెండు వంతులు మాత్రమే చదివినట్లు కనిపిస్తాడు. ఏ కోర్సుకు ఎన్ని గంటల తరగతి, ఎన్ని గంటల ప్రయోగశాల, ఎంత స్వయం అభ్యసనం అన్న వివరాలు మార్కుల పత్రానికి అనుబంధంగా ఇవ్వగలిగితే ఈ ఇబ్బంది తొలగుతుంది. డిగ్రీ కాలవ్యవధి కూడా ఇటువంటిదే. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ కోర్సులలో నాలుగేళ్ల ఆనర్స్ అవకాశాన్ని, 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను ప్రవేశపెట్టారు. నాలుగేళ్ల డిగ్రీని ఆశించే విదేశీ విశ్వవిద్యాలయాలలో ప్రవేశానికి ఇది తోడ్పడుతుంది.

మూడవది వృత్తివిద్యా కోర్సుల గుర్తింపు. ఇంజనీరింగ్ కోర్సులను జాతీయ గుర్తింపు బోర్డు, అంటే ఎన్‌బీఏ, పరిశీలిస్తుంది. కోర్సు ముగిసేనాటికి విద్యార్థి ఏమి చేయగలగాలి అన్నది ముందుగా నిర్ణయించి, అది ఎంతవరకు సాధ్యమైందో కొలిచే ఫలితాధారిత విధానం దీనికి పునాది. ఇక్కడ విలేకరులు, తల్లిదండ్రులు తరచు పొరబడే విషయం ఒకటి ఉంది. ఎన్‌బీఏ గుర్తింపు ఉన్న ప్రతి కోర్సుకూ వాషింగ్టన్ ఒప్పందం వర్తించదు. స్వయంప్రతిపత్తి గల కళాశాలలు, విశ్వవిద్యాలయ కళాశాలలు చేరే మొదటి శ్రేణిలో గుర్తింపు పొందిన కోర్సులకే అది వర్తిస్తుంది. స్వయంప్రతిపత్తి లేని అనుబంధ కళాశాలలు రెండవ శ్రేణి కిందికి వస్తాయి. అనుబంధ ఇంజనీరింగ్ కళాశాలలు అధిక సంఖ్యలో గల తెలుగు రాష్ట్రాలకు ఈ తేడా ముఖ్యమైనది.

నాల్గవది అంతర్జాతీయ సంబంధాలు. విదేశీ విద్యార్థులను చేర్చుకునే ప్రతి సంస్థలో అందుకు ప్రత్యేక కార్యాలయం ఉండాలని జాతీయ విద్యావిధానం సూచించింది. 2021 జూలైలో యూజీసీ విడుదల చేసిన మార్గదర్శకాలు అంతర్జాతీయ వ్యవహారాల కార్యాలయాన్ని, విదేశాలలోని పూర్వ విద్యార్థులతో సంబంధాలు నెరపే విభాగాన్ని ఏర్పాటు చేయాలని పేర్కొన్నాయి. ఒప్పంద పత్రాల రచన, ఫీజుల విభజన, పరీక్షల బాధ్యత, వివాద పరిష్కారం వంటి అంశాలలో న్యాయ, ఆర్థిక సలహా ఇక్కడ అవసరమవుతుంది. దేశాల మధ్య ఒప్పందాల పరిధిని కూడా సరిగా గ్రహించవలసి ఉంటుంది. ఉదాహరణకు 2022 జూలైలో బ్రిటన్‌తో కుదిరిన అర్హతల పరస్పర గుర్తింపు అవగాహనలో ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం, వాస్తుశిల్పం వంటి వృత్తి పట్టాలు లేవు.

ప్రభుత్వ పథకాలలో సలహా సహకారం

సలహా సహకారం విశ్వవిద్యాలయాలకు మూడు మార్గాలలో అందుతున్నది. ప్రభుత్వ పథకాలు, రాష్ట్ర ఉన్నత విద్యామండళ్లు మొదటి రెండు మార్గాలు కాగా, ప్రైవేటు సలహా సంస్థలు మూడవది.

ప్రపంచ బ్యాంకు ఆర్థిక సహాయంతో అమలైన సాంకేతిక విద్యా నాణ్యతాభివృద్ధి కార్యక్రమం, టెక్విప్, మొదటి దశలో 2003 నుంచి 2009 వరకు ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాలలో 127 సంస్థలకు వర్తించింది. 2017లో మొదలైన మూడవ దశలో, మెరుగైన సంస్థ ఒకటి వెనుకబడిన రాష్ట్రంలోని సంస్థకు చేయూతనిచ్చే జత విధానాన్ని ప్రవేశపెట్టారు. అదే దశలో ఐఐటీలు, ఎన్ఐటీల నుంచి వచ్చిన సుమారు 1,500 మంది యువ అధ్యాపకులను వెనుకబడిన రాష్ట్రాల కళాశాలలలో కాంట్రాక్టుపై నియమించారు. 2021లో కార్యక్రమం ముగియడంతో వారి కొలువుల కొనసాగింపు ప్రశ్నార్థకమై, ఆ కళాశాలల బోధనపైనా ప్రభావం పడింది. పథకం ముగిసిన మరునాడు ఏమి మిగులుతుంది అన్న ప్రశ్నను పథకం మొదలైన రోజునే వేసుకోవాలని ఈ అనుభవం సూచిస్తున్నది.

న్యాక్ గుర్తింపు లేని సంస్థలకు తోడ్పడేందుకు యూజీసీ 2019 జూలైలో 'పరామర్శ్' పథకాన్ని ప్రారంభించింది. న్యాక్‌లో 3.26 లేదా అంతకు మించిన స్కోరు గల సంస్థ మార్గదర్శక సంస్థగా ఉండి, కనీసం ఐదు సంస్థలను గుర్తింపునకు సిద్ధం చేయాలన్నది ఇందులోని ఏర్పాటు. ఒక్కొక్క మార్గదర్శక సంస్థకు రూ. 30 లక్షల వరకు సహాయం నిర్ణయించారు. మొత్తం 1,000 సంస్థలకు చేయూతనివ్వాలని లక్ష్యంగా పెట్టుకున్నారు. సలహా ఇచ్చేది వ్యాపార సంస్థ కాక సాటి విద్యాసంస్థ కావడం ఈ పథకంలోని విశేషం. సాంకేతిక విద్యాసంస్థల కోసం అఖిల భారత సాంకేతిక విద్యామండలి 'మార్గదర్శన్' పేరిట ఇటువంటి పథకాన్నే చేపట్టింది.

2013లో మొదలైన రాష్ట్రీయ ఉచ్చతర్ శిక్షా అభియాన్, 2023 జూన్‌లో పీఎం ఉష పేరిట కొత్త రూపం సంతరించుకుంది. 2023-24 నుంచి 2025-26 వరకు దానికి రూ. 12,926.10 కోట్లు నిర్ణయించారు. బహుళ శాస్త్ర విశ్వవిద్యాలయాలుగా తీర్చిదిద్దేందుకు ఎంపిక చేసిన 35 రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఒక్కొక్కదానికి రూ. 100 కోట్లు కేటాయించే అంశం ఇందులో ఉంది. సాంకేతిక విద్య కోసం 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 'మెరిట్' పథకాన్ని ఆమోదించింది. 175 ఇంజనీరింగ్ సంస్థలు, 100 పాలిటెక్నిక్‌లకు 2029-30 వరకు రూ. 4,200 కోట్లు వెచ్చించాలన్నది ప్రతిపాదన. అందులో రూ. 2,100 కోట్లు ప్రపంచ బ్యాంకు రుణం.

రాష్ట్ర స్థాయిలో ఈ బాధ్యత ఉన్నత విద్యామండళ్లది. 1986 జాతీయ విద్యావిధానం సూచన మేరకు 1988లో చట్టం ద్వారా మండలిని నెలకొల్పి ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి రాష్ట్రంగా నిలిచింది. విభజన అనంతరం 2014లో తెలంగాణ తన మండలిని ఏర్పాటు చేసుకుంది. ప్రతి విశ్వవిద్యాలయం విడివిడిగా ఒకే సలహాకు సొమ్ము చెల్లించే బదులు, క్రెడిట్ల మార్పిడి పట్టిక, విదేశీ ఒప్పందాల నమూనా పత్రం, ధ్రువపత్రాల పరిశీలన విధానం వంటివి మండలి స్థాయిలో ఒకేసారి రూపొందించుకోవడం అన్ని విధాలా మేలు.

సలహాదారు ఎంపిక, ఒప్పందం

ప్రైవేటు సలహా సంస్థ సేవలు తీసుకునేటప్పుడు కార్య పరిధి పత్రమే కీలకం. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు 2017లో సలహా సేవల సేకరణకు ప్రత్యేక భాగముంది. నాణ్యత, ఖర్చు రెండింటినీ కలిపి మార్కులు వేసే పద్ధతిలో సాంకేతిక అంశాల వాటా 80 శాతానికి మించరాదని అందులో నిర్దేశించారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు తమ రాష్ట్ర ఆర్థిక నియమావళిని అనుసరించవలసి ఉన్నప్పటికీ, ఈ నిబంధనలు మంచి నమూనాగా ఉపకరిస్తాయి.

కార్య పరిధి పత్రంలో సాధారణంగా నివేదికలు, వాటి గడువులు, చెల్లింపులు ఉంటాయి. వీటితో పాటు మరి నాలుగు విషయాలు ఉండటం అవసరం. సలహాదారుతో కలిసి పనిచేసే విశ్వవిద్యాలయ అధ్యాపకులు, పరీక్షల విభాగం ఉద్యోగులు ఎవరన్నది పేరుపేరునా నిర్ణయించాలి. సేకరించిన సమాచారం, తయారైన సాఫ్ట్‌వేరు, పట్టికలు విశ్వవిద్యాలయ ఆస్తిగా ఉండాలి. విద్యార్థుల వ్యక్తిగత వివరాల గోప్యతకు బాధ్యత ఎవరిదో స్పష్టం చేయాలి. సలహాదారు వెళ్లిన తరువాత అదే పనిని విశ్వవిద్యాలయ సిబ్బంది ఒకసారి స్వయంగా చేసి చూపిన పిమ్మటనే తుది చెల్లింపు జరగాలి. ఈ చివరి షరతు చిన్నదే అయినా, ఏటా అదే పనికి మళ్లీ సలహాదారును పిలిచే పరిస్థితిని అది నివారిస్తుంది.

సలహాకు, తనిఖీకి నడుమ హద్దు

గుర్తింపు స్కోరుపై నిధులు, ప్రవేశాలు, విదేశీ ఒప్పందాలు ఆధారపడినకొద్దీ స్కోరును ఏదో విధంగా సంపాదించాలన్న ఒత్తిడి పెరుగుతుంది. న్యాక్ గ్రేడు కోసం లంచం ఇచ్చిపుచ్చుకున్నారన్న ఆరోపణలపై 2025 ఫిబ్రవరిలో సీబీఐ కేసు నమోదు చేసి, పరిశీలక బృందం అధ్యక్షుడితో సహా పది మందిని అరెస్టు చేసింది. దీనికి ముందే మూల్యాంకన విధానంలో సంస్కరణలను సూచించేందుకు ఇస్రో మాజీ అధ్యక్షులు డాక్టర్ కె.రాధాకృష్ణన్ అధ్యక్షతన 2022 నవంబరులో ఒక సంఘాన్ని నియమించారు. గ్రేడుల స్థానంలో గుర్తింపు ఉందా, లేదా అన్నదే తేల్చే విధానాన్ని, ఆపై ఒకటి నుంచి ఐదు స్థాయిల పరిణతి విధానాన్ని ఆ సంఘం సూచించింది. 2024 జనవరిలో ఈ సూచనలు ఆమోదం పొందాయి.

విధానం ఏదైనప్పటికీ ఒక సూత్రం మారదు. నివేదిక తయారు చేసేవారు, నివేదికను పరిశీలించేవారు వేరు వేరుగా ఉండాలి. స్వీయ అధ్యయన నివేదికను సలహాదారు రాసిపెట్టడం చూడటానికి సులువైన మార్గంగా కనిపిస్తుంది. కాని, విశ్వవిద్యాలయం తన లోపాలను తాను గుర్తించడమే ఆ నివేదిక ఉద్దేశం. ఆ పనిని బయటివారికి అప్పగిస్తే స్కోరు రావచ్చునేమో గాని లోపం అలాగే ఉండిపోతుంది. ప్రతి సంస్థలో ఉండవలసిన అంతర్గత నాణ్యతా హామీ విభాగం ఐదేళ్లకు ఒకసారి కాక ఏడాది పొడవునా పనిచేయాలన్న నియమం అందుకే ఏర్పడింది.

సలహాతో తీరని సమస్యలు

అధ్యాపకుల ఖాళీలను ఏ సలహాదారూ భర్తీ చేయలేడు. విద్యార్థులకు, అధ్యాపకులకు మధ్య నిష్పత్తి, శాశ్వత అధ్యాపకుల సంఖ్య, పరిశోధన పట్టాలు గలవారి సంఖ్య న్యాక్ పరిశీలనలోను, ర్యాంకులలోను నేరుగా లెక్కకు వస్తాయి. 2013 నాటి పథకంలోనే నిధుల విడుదలకు అధ్యాపక ఖాళీల భర్తీని ముందస్తు షరతుగా చేర్చడం గమనార్హం. ఖాళీలతో నడిచే విభాగంలో ఎంత చక్కని పాఠ్యప్రణాళిక రూపొందించినా తరగతి గదిలో అది అమలు కాదు.

నిధుల విషయమూ అంతే. జాతీయ విద్యావిధానం 2020 విద్యపై ప్రభుత్వ వ్యయం స్థూల దేశీయోత్పత్తిలో 6 శాతానికి చేరాలని, ఉన్నత విద్యలో స్థూల ప్రవేశాల నిష్పత్తి 2035 నాటికి 50 శాతం కావాలని లక్ష్యాలు నిర్దేశించింది. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2021-22లో ఆ నిష్పత్తి 28.4 శాతం, మొత్తం విద్యార్థులు సుమారు 4.33 కోట్ల మంది. ఈ అంతరం పూడాలంటే కొత్తగా చేరేవారిలో అధిక భాగం తమ కుటుంబంలో తొలిసారి డిగ్రీ చదివేవారే అవుతారు. అంతర్జాతీయ ప్రమాణాల పేరిట చేసే మార్పులు వారికి ఖర్చును పెంచేవి కాకూడదు. ర్యాంకుల కోసం ఆంగ్ల పత్రికలలో వ్యాసాల సంఖ్యను పెంచడంపైనే దృష్టి నిలిపి, జిల్లా అవసరాలను, తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థి అవసరాలను విస్మరిస్తే విశ్వవిద్యాలయం తన మొదటి బాధ్యతకు దూరమవుతుంది.

పరిశీలించవలసిన అంశాలు

విశ్వవిద్యాలయం సలహా సంస్థతో ఒప్పందం ప్రకటించినప్పుడు అధికారులు, పాత్రికేయులు ఈ క్రింది అంశాలను పరిశీలించడం ఉపయుక్తంగా ఉంటుంది.

- ఒప్పందం ఏ సమస్య పరిష్కారానికి? ఆ సమస్యను విశ్వవిద్యాలయ పాలకమండలి లేదా విద్యాపరిషత్తు చర్చించిందా?
- సలహాదారుకు విశ్వవిద్యాలయం నడిపిన లేదా గుర్తింపు సాధించిన అనుభవం ఉందా?
- సాటి విశ్వవిద్యాలయం నుంచి గాని, ఉన్నత విద్యామండలి నుంచి గాని అదే సహకారం లభించే అవకాశాన్ని పరిశీలించారా?
- సలహా సంస్థలోని వారెవరైనా తనిఖీ బృందాలలో సభ్యులుగా ఉన్నారా?
- గత ఒప్పందాలలో వచ్చిన నివేదికలలోని సూచనలలో ఎన్ని అమలయ్యాయి?
- ఒప్పందం ముగిసిన తరువాత ఆ పని చేసే ఉద్యోగులు ఎవరు? వారు శాశ్వత ఉద్యోగులా, కాంట్రాక్టు ఉద్యోగులా?
- విద్యార్థికి కలిగే ప్రయోజనం ఏమిటి? ధ్రువపత్రం ఎన్ని రోజులలో అందుతుంది, క్రెడిట్లు ఎక్కడ చెల్లుతాయి, ఫీజు ఎంత పెరుగుతుంది?

ఈ ప్రశ్నలలో చివరిది ముఖ్యమైనది. విదేశంలో ప్రవేశం దొరికిన విద్యార్థికి సకాలంలో మార్కుల ధ్రువపత్రం అందకపోతే ఒక విద్యా సంవత్సరం చేజారుతుంది. పరీక్షల విభాగంలో ఆ జాప్యం తొలగిపోయిందా లేదా అన్నది ఏ ర్యాంకుల జాబితాలోనూ కనిపించదు. సలహా సహకారం ఫలించిందా లేదా అన్నది మాత్రం అక్కడే తెలుస్తుంది.

యూజీసీ పథకానికి పేరుగా ఎంచుకున్న 'పరామర్శ్' అనే పదానికి హిందీలో సలహా అని అర్థం. తెలుగులో పరామర్శ అంటే కష్టంలో ఉన్నవారి ఇంటికి వెళ్లి, యోగక్షేమాలు విచారించి, తోచిన సాయం చేయడం. సలహాదారు విశ్వవిద్యాలయానికి వచ్చేటప్పుడు రెండు అర్థాలూ వర్తించడం వాంఛనీయం. స్థితిగతులు స్వయంగా చూసిన తరువాతనే సలహా ఇవ్వాలి. ఆ తరువాత ఇంటిని చక్కదిద్దుకోవలసిన బాధ్యత ఇంటివారిదే. అధ్యాపకుల నియామకం, నిధుల కేటాయింపు, పరీక్షల సకాల నిర్వహణ అన్న తమ వంతు పనులను ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు నెరవేర్చినప్పుడే బయటి నుంచి వచ్చిన సలహా విద్యార్థి పట్టాకు విలువగా మారుతుంది.